కథాకాలం, రచనాకాలం, ప్రచురణకాలం: ఉత్తర తెలంగాణ నవలల్లో కాలవ్యవధి - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రతి నవలకూ కనీసం మూడు కాలాలు ఉంటాయి. కథ జరిగిన కాలం ఒకటి, రచయిత దాన్ని రాసిన కాలం మరొకటి, పుస్తకంగా పాఠకుల చేతికి అందిన కాలం ఇంకొకటి. సాహిత్య చరిత్రలు సాధారణంగా మూడోదాన్ని మాత్రమే నమోదు చేస్తాయి. పరిశోధకులు మొదటిదాన్ని మాత్రమే ఉపయోగించుకుంటారు. నడుమ ఉన్న రచనాకాలం చాలాసార్లు మరుగున పడిపోతుంది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల జీవితంతో ముడిపడిన మూడు నవలలు 'కొలిమంటుకున్నది', 'కొమురం భీం', 'లోపలి మనిషి'. ఈ మూడింటినీ ఆధారంగా చేసుకొని ఆ కాలాల మధ్య ఎడాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ ఎడం నవలకు లోపం కాదనీ, అది స్వయంగా ఒక చారిత్రక ఆధారమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కథాకాలం, రచనాకాలం, ప్రచురణకాలం, తెలంగాణ నవల, జోడేఘాట్, ఇంద్రవెల్లి, జగిత్యాల, మంథని.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్య చరిత్ర గ్రంథాల్లో నవల పేరు పక్కన కుండలీకరణాల్లో ఒక సంవత్సరం కనిపిస్తుంది. అది దాదాపు ఎప్పుడూ ప్రచురణ సంవత్సరమే. గ్రంథాలయ సూచిక తయారు చేయడానికి అది చాలు. కానీ ఆ నవలను ఒక ప్రాంత చరిత్రకు ఆధారంగా స్వీకరించినప్పుడు ఆ ఒక్క అంకె సరిపోదు. 1983లో అచ్చయిన నవల 1940 నాటి సంఘటనను చెబుతున్నప్పుడు, అందులోని మాట ఏ కాలపు సాక్ష్యమన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది.

ఈ ప్రశ్నకు ఉత్తర తెలంగాణలో ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. వెట్టి, దొరతనం, అడవిపై హక్కు, రైతుకూలీల పోరాటాలు మొదలైన విషయాల మీద ఇక్కడి గ్రామస్థాయి లిఖిత ఆధారాలు తక్కువ. ఉన్నవాటిలో ఎక్కువ భాగం పాలనా యంత్రాంగం రాసిపెట్టుకున్నవి. అందువల్ల సిద్ధాంత వ్యాసాల్లోనూ పాఠ్యగ్రంథాల్లోనూ నవలే సాక్షిగా నిలబడవలసి వచ్చింది. సాక్షిని ప్రశ్నించే పద్ధతి లేకుండా సాక్ష్యాన్ని మాత్రమే స్వీకరిస్తే నవలకూ, చరిత్రకూ కూడా అన్యాయం జరుగుతుంది.

2. మూడు కాలాలు - పరిభాష:

ఈ వ్యాసంలో కథాకాలమంటే నవలలోని సంఘటనలు జరిగిన కాలం. రచనాకాలమంటే సమాచార సేకరణ నుంచి చివరి ప్రతి వరకు సాగిన కాలం. ప్రచురణకాలమంటే తొలిసారి పాఠకులకు అందిన కాలం. వీటి మధ్య రెండు ఎడాలు ఏర్పడతాయి. కథాకాలానికీ రచనాకాలానికీ మధ్య ఉండేది జ్ఞాపకపు ఎడం. రచనాకాలానికీ ప్రచురణకాలానికీ మధ్య ఉండేది అచ్చు ఎడం. మొదటిది నవల స్వభావాన్ని నిర్ణయిస్తే, రెండోది దాని ప్రయాణాన్ని నిర్ణయిస్తుంది.

ఈ విభజనకు అవసరం ఎంత ఉందో చారిత్రక నవలకు ఆద్యుడిగా భావించే వాల్టర్ స్కాట్ రచనలోనే తెలుస్తుంది. ఆయన తొలి నవల 'వేవర్లీ' 1814లో వెలువడింది. కథాకాలం 1745 నాటి జాకబైట్ తిరుగుబాటు. ఆ సంఘటనకు అరవై ఏళ్లు గడిచాయని నవల ఉపశీర్షిక చెబుతుంది. 1814 నుంచి లెక్కిస్తే అరవైతొమ్మిదేళ్లు అవుతాయి. స్కాట్ తొలి అధ్యాయాలను 1805లో మొదలుపెట్టి పక్కన పెట్టాడు. ఉపశీర్షికలోని అరవై ఆ సంవత్సరానికి చెందిన లెక్క. ప్రచురణ సంవత్సరం ఒక్కటే తెలిసినవారికి అది పొరపాటుగా కనిపిస్తుంది. రచనాకాలం తెలిసినవారికి అది రచయిత ఎక్కడ నిలబడి వెనక్కి చూశాడో చెప్పే గుర్తు.

తెలంగాణ నవలా చరిత్ర ఆరంభంలోనూ ఇలాంటి ఎడాలు కనిపిస్తాయి. వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో మరణించారు. ఆయన రెండో నవల 'గంగు' అసంపూర్తిగా మిగిలి, మరణానంతరం పుస్తకంగా వచ్చింది. అక్కడ రచయిత జీవితకాలమే అచ్చు ఎడంలో ముగిసిపోయింది. ఆళ్వారుస్వామి తలపెట్టిన పనిని కొనసాగించినవారిగా పేరొందిన దాశరథి రంగాచార్యులు 1938కి పూర్వపు తెలంగాణ పల్లెను 'చిల్లర దేవుళ్లు' నవలలో చిత్రించారు. అది 1969లో వెలువడింది. మూడు దశాబ్దాల నాటి నిజాం పాలనను చెప్పే ఆ నవల, ప్రత్యేక తెలంగాణ ఆకాంక్ష వీధుల్లోకి వచ్చిన సంవత్సరంలోనే పాఠకులను చేరింది. దాన్ని 1930ల నవలగా చదవడం ఎంత సబబో, 1960ల చివరి నవలగా చదవడమూ అంతే సబబు.

3. దగ్గరి కాలం - 'కొలిమంటుకున్నది':

పూర్వపు కరీంనగర్ జిల్లా మంథని ప్రాంతంలోని గాజులపల్లికి చెందిన అల్లం రాజయ్య నవల 'కొలిమంటుకున్నది' 1979లో వచ్చింది. దొరల ఆధిపత్యం, వెట్టి, భూమి తగాదాలు, రైతుకూలీలు సంఘటితం కావడం దీని ఇతివృత్తం. అత్యవసర పరిస్థితి 1977 మార్చిలో ముగిసింది. ఆ తర్వాత జగిత్యాల, సిరిసిల్ల, మంథని, పెద్దపల్లి ప్రాంతాల్లో రైతుకూలీ సంఘాలు విస్తరించాయి. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన సభ 'జైత్రయాత్ర' పేరుతో చరిత్రకెక్కింది. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. నవల ఈ పరిణామాల వేడి తగ్గకముందే వెలువడింది.

ఇక్కడ మూడు కాలాలూ దాదాపు ఒకదానినొకటి తాకుతున్నాయి. ఈ సామీప్యం వల్ల రెండు ఫలితాలు కలిగాయి. మొదటిది భాషకు సంబంధించింది. పల్లెలోని మనుషుల మాట, పనిముట్ల పేర్లు, దొర ఎదుట ఒకలాగా దొర లేనిచోట మరొకలాగా మారే సంబోధనలు రచయితకు జ్ఞాపకం నుంచి తవ్వి తీయవలసినవి కావు. అవి చెవిలో ఉన్నవే. ఈ కారణంగా కరీంనగర్ మాండలికాన్ని అధ్యయనం చేసేవారికి ఈ నవల 1970ల చివరి భాషకు విలువైన నమూనా.

రెండోది కథ ముగింపుకు సంబంధించింది. ఆ పోరాటం ఎటు వెళుతుందో 1979లో ఎవరికీ తెలియదు. 1980లో పీపుల్స్‌వార్ పార్టీ ఏర్పడడం, ఎదురుకాల్పులు, వలసలు, దొరలు గడీలు వదిలి పట్నం చేరడం ఇంకా రావలసే ఉన్నాయి. కాబట్టి ఈ నవలలోని ఆశను తర్వాతి పరిణామాల వెలుగులో అమాయకత్వమని అనడం కాలవిరుద్ధమైన తీర్పు. ముగింపు తెలియకపోవడమే ఈ నవల ఇచ్చే సాక్ష్యం. ఒక సమాజం తన భవిష్యత్తును ఏ విధంగా ఊహించుకుందో, ఆ భవిష్యత్తు వచ్చాక రాసిన గ్రంథాలు చెప్పలేవు.

అయితే దగ్గరి కాలపు రచన దానంతటదే ఎక్కువ సత్యమని కూడా చెప్పడానికి వీలులేదు. దగ్గరగా ఉన్నవారికి కారణాల దీర్ఘపరంపర కనిపించకపోవచ్చు. ఆ నవల దేనికి సాక్ష్యమో, దేనికి కాదో వేరు చేయడమే పరిశోధకుడి పని.

4. నలభైమూడేళ్ల ఎడం - 'కొమురం భీం':

అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' 1983లో వెలువడింది. కథాకాలం ఆదిలాబాద్ అడవుల్లో గోండు, కోలామ్ ప్రజల తిరుగుబాటు, 1940లో జోడేఘాట్‌లో భీం మరణం. ఒకే రచయిత పాలుపంచుకున్న రెండు నవలలు నాలుగేళ్ల తేడాతో వచ్చాయి. ఒకదానిలో కథాకాలానికి దూరం ఏడాది, రెండేళ్లు. మరొకదానిలో నలభైమూడేళ్లు. ఈ తేడాను రచయిత అభిరుచితో వివరించలేం.

4.1. ఎడానికి కారణం:

1940 నాటి ఆదిలాబాద్ అడవిలో గోండులు మాట్లాడింది గోండి. పాలనా భాష ఉర్దూ. సంతలోనూ వ్యవసాయంలోనూ మరాఠీ, తెలుగు వినిపించేవి. గోండి మాట్లాడేవారి జ్ఞాపకం పాటలోనూ కథనంలోనూ నిలిచింది గాని కాగితం మీదికి రాలేదు. తిరుగుబాటు తర్వాత ఆ ప్రాంతంలో పనిచేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చొరవతో 1940లలో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. అప్పుడు గోండి వాచకాలను దేవనాగరి లిపిలో తయారు చేశారు. అంటే జోడేఘాట్ సంఘటన జరిగేనాటికి ఆ సంఘటనను అనుభవించినవారి భాషకు బడి కూడా లేదు.

కరీంనగర్ రైతుకూలీ కథ ఏడాదిలో తెలుగు నవల అయింది. రాసే చేయి ఆ పల్లెలోనే, ఆ భాషలోనే ఉంది. ఆదిలాబాద్ గోండు కథ తెలుగు నవల కావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. రాసే చేయి మరో భాష నుంచి అక్కడికి నడిచి రావలసి వచ్చింది. ఈ రెండు ఎడాల తేడా అచ్చుకూ అక్షరానికీ ఎవరు ఎంత దూరంలో ఉన్నారో కొలిచి చూపిస్తుంది. ఈ కొలతను ప్రచురణ సంవత్సరాల జాబితా చూపలేదు.

4.2. కథాకాలంలోనే రెండు తేదీలు:

'కొమురం భీం' విషయంలో కథాకాలం కూడా ఏకగ్రీవం కాదు. భీం మరణించిన తేదీని కొన్ని గ్రంథాలు 1940 సెప్టెంబరు 1గా చెబుతాయి. గోండులు మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుతారు. 1940లో ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబరు 16న వచ్చింది. ఇది కేవలం రెండు పంచాంగాల మధ్య మార్పిడిలో దొర్లిన తేడా కాదు. 1940 సెప్టెంబరు 1 శ్రావణ బహుళ చతుర్దశి, అమావాస్యకు ముందురోజు. ఒక తేదీ చీకటి రాత్రిని సూచిస్తే, మరొకటి నిండు వెన్నెలను సూచిస్తుంది.

దీనికి తోడు హైదరాబాద్ రాజ్యపు పాలనా పత్రాలు ఫసలీ సంవత్సరాన్ని అనుసరించాయి. ఆ రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు తొలి వారంలో మారేది. కాబట్టి సెప్టెంబరు తేదీ 1349 ఫసలీలోకి, అక్టోబరు పౌర్ణమి 1350 ఫసలీలోకి వస్తాయి. రాజ్య అభిలేఖాగారంలో ఈ సంఘటనకు చెందిన పత్రాలు వెతికే పరిశోధకుడు ఒక్క సంవత్సరపు దస్త్రాలతో ఆగిపోతే సగం ఆధారాలు చేజారే ప్రమాదం ఉంది. చంద్రుణ్ణి బట్టి జ్ఞాపకాన్ని నిలుపుకున్న సమాజాన్నీ, ఫసలీని బట్టి పన్ను లెక్క రాసుకున్న ప్రభుత్వాన్నీ, క్రీస్తుశకాన్ని బట్టి నవలను తేదీ వేసే విమర్శకుణ్ణీ ఒకే సంఘటన దగ్గర కలిపి చూడవలసి ఉంటుంది.

4.3. రచనాకాలపు ముద్ర:

నవల వచ్చింది 1983లో. అంతకు రెండేళ్ల ముందు, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చిన ఆదివాసులపై పోలీసు కాల్పులు జరిగాయి. అధికారిక లెక్క ప్రకారం మృతులు 13 మంది. పౌరహక్కుల కార్యకర్తలు చెప్పిన సంఖ్య అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. జోడేఘాట్‌కు చాలా దూరం కాని ప్రదేశంలో, భూమి, అడవి అనే సమస్యల మీదనే మళ్లీ తుపాకి మోగింది.

ఈ రెండు సంఘటనల మధ్య చట్టాలు లేకపోలేదు. హైదరాబాద్ రాజ్యం 1356 ఫసలీలో గిరిజన ప్రాంతాల నిబంధన తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు వర్తించింది. దాన్ని 1970లో సవరించి మరింత కఠినం చేశారు. అయినా భూములు చేతులు మారాయి. హైమెన్‌డార్ఫ్ 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' నివేదికలను ప్రచురించారు. 1970ల చివర మళ్లీ ఆదిలాబాద్ వచ్చి చూశారు. అప్పటి పరిస్థితిని ఆయన 1982లో వెలువడిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' గ్రంథంలో నమోదు చేశారు. గోండుల భూమి ఎంత వేగంగా అన్యాక్రాంతమైందో ఆ గ్రంథం చెబుతుంది.

మానవశాస్త్రవేత్త 1982లో, నవలాకారులు 1983లో ఒకే అడవి వైపు, ఒకే పాత గాయం వైపు తిరిగి చూశారు. ఇది యాదృచ్ఛికం కాదు. 1940ని జ్ఞాపకం చేసుకోవలసిన అవసరాన్ని 1980ల ఆదిలాబాదే కల్పించింది. కాబట్టి 'కొమురం భీం'లో ఏ ఘట్టాలు విస్తరించాయి, ఏవి క్లుప్తంగా సాగాయి, అటవీ ఉద్యోగి, పట్వారీ, వడ్డీ వ్యాపారి పాత్రలకు ఎంత చోటు దక్కింది అన్న ప్రశ్నలకు జవాబును 1940లో మాత్రమే వెతకకూడదు. ఇంద్రవెల్లి తర్వాతి రెండేళ్లలోనూ వెతకాలి. ఈ నవల 1940 గురించి ద్వితీయ ఆధారం. 1980ల తొలినాళ్ల గురించి ప్రాథమిక ఆధారం.

4.4. ఒకే సాక్ష్యం రెండుసార్లు:

ఈ భేదాన్ని పాటించకపోతే జరిగే నష్టం ఊహాజనితం కాదు. భీం అస్సాం తేయాకు తోటలకు వెళ్లి తిరిగి వచ్చాడన్న ఘట్టం నవలలో ఉంది. ఇప్పుడు అది పాఠ్యపుస్తకాల సంగ్రహాల్లోనూ పత్రికల వర్ధంతి వ్యాసాల్లోనూ స్థిరపడిన జీవితచరిత్రాంశం. అది మౌఖిక సంప్రదాయం నుంచి నవలలోకి వచ్చి ఉండవచ్చు. మౌఖిక సంప్రదాయానికి తనదైన విలువ ఉంది. కానీ నవలను ఆధారం చేసుకొని రాసిన జీవితచరిత్రను, మళ్లీ నవలలోని అంశానికి రుజువుగా చూపితే అక్కడ రెండు సాక్ష్యాలు ఉండవు. ఒకే సాక్ష్యం రెండుసార్లు వినిపిస్తుంది.

'జల్, జంగల్, జమీన్' నినాదం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఆ మూడు మాటలూ ఈనాడు భీం పేరు నుంచి విడదీయరానివి. వాటి భావం 1940 నాటి పోరాటంలో ఉందనడంలో సందేహం లేదు. కానీ ఆ మాటల కూర్పు ఏ దశాబ్దానిదో నిర్ణయించవలసి వస్తే, 1983 తర్వాతి గ్రంథాలు కాక, 1940లకు చెందిన పత్రాలూ గోండి మౌఖిక కథనాలూ ప్రమాణం కావాలి. ఈ వివేచన భీం ఔన్నత్యాన్ని తగ్గించదు. ఆయన చరిత్రను ఎవరూ తేలికగా తోసిపుచ్చలేని పునాది మీద నిలబెడుతుంది.

అచ్చు ఎడం వంటిదే ఈ కథ వెండితెర ప్రయాణంలోనూ ఉంది. అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో 'కొమరం భీం' చిత్రం 1990లో తయారైంది. థియేటర్లకు వచ్చింది 2010లో. నిర్మాణకాలంలో అది ఇంద్రవెల్లి జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న ఆదిలాబాద్‌ను ఉద్దేశించింది. విడుదలకాలంలో దాన్ని చూసింది తెలంగాణ ఉద్యమపు ప్రేక్షకులు. చిత్రం మారలేదు, చూసే కాలం మారింది.

5. దూరపు కాలం - 'గొల్ల రామవ్వ' నుంచి 'లోపలి మనిషి' వరకు:

పూర్వపు కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు రచనా జీవితంలో రెండు విరుద్ధమైన ఎడాలు కనిపిస్తాయి. సాయుధ పోరాట నేపథ్యంలో ఆయన రాసిన 'గొల్ల రామవ్వ' కథ 1949లో వరంగల్లు నుంచి వెలువడే 'కాకతీయ పత్రిక'లో 'విజయ' అనే కలం పేరుతో అచ్చయింది. హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసి అప్పటికి ఏడాది మాత్రమే. కథాకాలం, రచనాకాలం, ప్రచురణకాలం ఒకే ఊపిరిలో ఉన్నాయి. అది తెలుగులో, ఆ పల్లె మనుషుల మాటలో వచ్చింది.

అదే రచయిత అదే నిజాం రాజ్యాన్ని నవలగా చెప్పింది ఇంగ్లీషులో, 'ది ఇన్‌సైడర్' పేరుతో. అది 1998లో వెలువడింది. ఆనంద్ అనే పాత్ర బాల్యంతో మొదలై, సంస్థానపు రోజులు, స్వాతంత్ర్యానంతర రాష్ట్ర రాజకీయాలు, భూసంస్కరణల చుట్టూ సాగిన పోరు మీదుగా 1970ల తొలి సంవత్సరాల దాకా సాగుతుంది. రాష్ట్రానికి అఫ్రోజాబాద్ అనే కల్పిత నామం పెట్టారు. కల్లూరి భాస్కరం అనువాదంతో అది 'లోపలి మనిషి'గా తెలుగులోకి వచ్చింది. తెలుగు పాఠకుడికి ఇక్కడ నాలుగో కాలం కూడా తోడైంది. అది అనువాదకాలం. కరీంనగర్ మట్టి నుంచి పుట్టిన అనుభవం ఇంగ్లీషు మీదుగా తిరిగి తెలుగుకు చేరింది.

రచయిత 1971 సెప్టెంబరు నుంచి 1973 జనవరి వరకు ముఖ్యమంత్రిగా, 1991 నుంచి 1996 వరకు ప్రధానమంత్రిగా పనిచేశారు. నవల ఆయన పదవి నుంచి దిగిన రెండేళ్లకు వచ్చింది. పదవిలో ఉన్న మనిషి ప్రచురించలేనిది పదవి దిగాక ప్రచురణకు వచ్చింది. కల్పిత రాష్ట్రనామం, కల్పిత నాయకుల పేర్లు ఆ అచ్చు ఎడంలోని ఒత్తిడికి ఆనవాళ్లు. 'గొల్ల రామవ్వ' కలం పేరు కూడా ఒక రక్షణే. 1949లో దాగింది రచయిత పేరు. 1998లో రచయిత పేరు బయటపడింది గాని పాత్రల పేర్లు దాగాయి.

6. మంథని - తలకిందులైన క్రమం:

ఈ మూడు నవలలను ప్రచురణ సంవత్సరాల ప్రకారం వరుసపెడితే 'కొలిమంటుకున్నది' (1979), 'కొమురం భీం' (1983), 'లోపలి మనిషి' మూలం (1998) అవుతాయి. కథాకాలం ప్రకారం వరుసపెడితే ఈ క్రమం నిలవదు. 1940తో ముగిసే 'కొమురం భీం' ముందుకు వస్తుంది. 1970ల తొలినాళ్లతో ఆగే 'లోపలి మనిషి' రెండోది అవుతుంది. మొదట అచ్చయిన 'కొలిమంటుకున్నది' చివరికి వెళుతుంది.

ఈ తలకిందుల అర్థం మంథనిలో స్పష్టమవుతుంది. పి.వి. నరసింహారావు 1957 నుంచి 1977 వరకు శాసనసభలో మంథనికి ప్రాతినిధ్యం వహించారు. అల్లం రాజయ్య స్వగ్రామం ఆ మంథని ప్రాంతంలోదే. ఒకరు భూసంస్కరణను శాసనసభ వైపు నుంచి చూశారు. మరొకరు అదే భూమిని పొలం గట్టు మీది నుంచి చూశారు. భూగరిష్ఠ పరిమితి చట్టం 1972లో శాసనసభ ఆమోదం పొంది, 1973లో 1వ చట్టమై, 1975 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి జగిత్యాలలో వేలాది మంది రైతుకూలీలు భూమి కోసం వీధిలోకి వచ్చారు.

కథాకాలాల క్రమంలో చదివితే 'లోపలి మనిషి'లో చట్టం కోసం సాగిన పోరుకు, 'కొలిమంటుకున్నది'లోని పల్లె ఇచ్చిన జవాబు కనిపిస్తుంది. చట్టం ఏ గడప దగ్గర ఆగిపోయిందో రెండో నవల చెబుతుంది. రచనాకాలాల క్రమంలో చదివితే మరో విషయం కనిపిస్తుంది. 1979 నాటి రచయితకు ముందు జరగబోయేది తెలియదు. 1998 నాటి రచయితకు 1978 తర్వాతి రెండు దశాబ్దాలు తెలుసు. తెలిసి కూడా కథను దానికి ముందే ఆపారు. తెలియక ఆగిన కథకూ, తెలిసి ఆపిన కథకూ మధ్య భేదాన్ని గుర్తించడానికి రచనాకాలం తప్ప మరో సాధనం లేదు.

ఏ క్రమం సరైనదన్నది ప్రశ్న కాదు. ప్రాంత సామాజిక చరిత్రను చదివేవారికి కథాకాల క్రమం, రచయితల దృక్పథాన్ని చదివేవారికి రచనాకాల క్రమం, పాఠకుల ఆదరణను చదివేవారికి ప్రచురణకాల క్రమం అవసరం. ఎం.ఏ. పాఠ్యప్రణాళికల్లో మూడింటికీ బదులుగా ప్రచురణ క్రమం ఒక్కటే కనిపించడం వల్ల విద్యార్థికి మిగతా రెండు మార్గాలు మూసుకుపోతున్నాయి.

7. కాలంతో పాటు కదిలిన స్థలం:

కాలపు ఎడం స్థలనామాలను కూడా కదిలించింది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. జోడేఘాట్ ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. ఇంద్రవెల్లి ఆదిలాబాద్ జిల్లాలోనే మిగిలింది. జగిత్యాల, సిరిసిల్ల స్వయంగా జిల్లా కేంద్రాలయ్యాయి. మంథని పెద్దపల్లి జిల్లాలో చేరింది. వంగర నేటి హనుమకొండ జిల్లాలో ఉంది. 'కరీంనగర్ జిల్లా నవల' అనే మాట 1979లో ఒక విస్తీర్ణాన్ని, ఈనాడు అందులో కొద్ది భాగాన్ని మాత్రమే సూచిస్తుంది. నేటి జిల్లాల సరిహద్దుల ప్రకారం నవలలను విభజించి పరిశోధన చేస్తే మంథని, జగిత్యాల, సిరిసిల్ల వేర్వేరు సిద్ధాంత గ్రంథాల్లోకి చెదిరిపోతాయి. ఆ ప్రాంతాలను కలిపి ఉంచిన ఒకే భూపోరాటం కనిపించకుండా పోతుంది.

భీం పేరు విషయంలోనూ ఇంతే. గోండులో 'కుమ్ర' ఇంటిపేరు. తెలుగు నవలలో అది 'కొమురం', చలనచిత్రంలో 'కొమరం', జిల్లా పేరులో 'కుమురం' అయింది. ఒక్కొక్క రూపం ఒక్కొక్క కాలపు చెవిని పట్టి ఇస్తుంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. నవల ప్రచురణ సంవత్సరం దాని సాక్ష్యానికి తేదీ కాదు. నవల తన రచనాకాలానికి ప్రాథమిక ఆధారం, కథాకాలానికి ద్వితీయ ఆధారం. దగ్గరి కాలపు రచన ముగింపు తెలియని సమాజపు ఆశను నిలుపుతుంది. దూరపు కాలపు రచన గతాన్ని గుర్తుచేసుకోవలసిన అవసరాన్ని నమోదు చేస్తుంది. ఈ ఎడాల పొడవు అందరికీ సమానం కాదు. కరీంనగర్ రైతుకూలీకి ఏడాది, ఆదిలాబాద్ గోండుకు నలభైమూడేళ్లు, ముఖ్యమంత్రిగా పనిచేసిన రచయితకు పదవి దిగేదాకా పట్టింది. ఎవరి కథ అచ్చుకు ఎంత ఆలస్యంగా చేరిందన్నది ఆ సమాజంలో అధికారం ఏ విధంగా పంచుకోబడిందో చెప్పే చరిత్ర.

ఆచరణలో దీనికి పెద్ద ఏర్పాటు అవసరం లేదు. సిద్ధాంత గ్రంథాల్లో నవలను పరిచయం చేసే తొలి వాక్యంలోనే ప్రచురణ సంవత్సరంతో పాటు కథాకాలం, రచనాకాలం, అనువాదమైతే అనువాదకాలం నమోదు చేసే అలవాటు ఏర్పడితే చాలు. జీవించి ఉన్న రచయితల నుంచి రచనాకాలపు వివరాలు, రాతప్రతుల తేదీలు, ధారావాహికగా వచ్చిన పత్రికల సంచికలు ఇప్పుడే సేకరించాలి. జోడేఘాట్ జ్ఞాపకాన్ని ప్రత్యక్షంగా చెప్పగల తరం ఇప్పుడు లేదు. జగిత్యాల జ్ఞాపకాన్ని చెప్పగల తరం ఇంకా ఉంది. ఆ తరం మాటను నమోదు చేయడంలో మరో నలభైమూడేళ్ల ఆలస్యం జరగకుండా చూడవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల మీద ఉంది.